గోడమీఁది ముఖము: ‘ప్రొఫోందో రోస్సో’ పునర్విమర్శము

ఇటాలియను భాషలో ‘జాల్లో’ యనఁగాఁ బసుపువన్నె. 1929వ సంవత్సరమున మిలాను నగరమందలి మొందదోరి యను ప్రకాశకులు అపరాధపరిశోధక నవలలను బసుపువన్నె యట్టలతోఁ బ్రకటింప నారంభించిరి. నాఁటినుండి యట్టరంగే యాజాతి గ్రంథములకెల్ల నామధేయమయ్యెను; పిదపఁ జలచ్చిత్రములకును సంక్రమించెను. మారియో బావా 1963, 1964 సంవత్సరములలో వెలువరించిన రెండు చిత్రములు ఈమార్గమునకుఁ దొలుత బాట వేసినవి. 1970లో దారియో అర్జెంతో యను యువకుఁడు, అంతకుముందు పత్రికలోఁ జిత్రవిమర్శకుఁడుగాఁ బనిచేసినవాఁడు, ‘స్ఫటికపు ఱెక్కల పక్షి’ యను తన ప్రథమచిత్రముతో నాబాటను రాజమార్గముగావించెను. అతఁడే 1975లో వెలువరించినది ‘ప్రొఫోందో రోస్సో’. మనభాషలో ‘గాఢారుణము’ అనవచ్చును. కథారచనలో నాతనికిఁ దోడ్పడినవాఁడు బెర్నార్దీనో జప్పోని.

హత్యాకథాచిత్రమునకు సాహిత్యపరిశోధనపత్రికయందుఁ దావెక్కడిదని యెవరైన నడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. భ్రాంతిజ్ఞానమును గూర్చి మనశాస్త్రకారులు చేసిన విచారమునకును, ఆలంకారికులు చెప్పిన సామాన్యవిశేషకములకును ఇంత చక్కని యుదాహరణము దృశ్యకళలలో నాకు వేఱొకటి కానరాలేదు. ఇది యొక సమాధానము. రెండవది నాతప్పునకు సంబంధించినది.

పెక్కేండ్లక్రిందట నేనీచిత్రమును మొదట నాంగ్లభాషలోఁ గుదించిన ప్రతిలోఁ జూచితిని. ఇటాలియను మూలము రెండుగంటలకుఁ బైఁబడి నడచును. అమెరికాకుఁ బంపిన ప్రతిలో నిరువది నిమిషములకుఁ బైగాఁ గోసివేసిరి. (జపానువారు చేసిన పని యింకను వింతయైనది: అర్జెంతో 1977లోఁ దీసిన ‘సుస్పీరియా’ యచట విజయము నందఁగానే, దానికి రెండేండ్లు పెద్దయైన యీచిత్రమును దానికి ‘రెండవభాగ’మని పేరిడి ప్రదర్శించిరి. అన్నను దమ్మునిఁ జేసిరన్నమాట.) ఆ కోఁతపడిన ప్రతినిఁ జూచి నేను, ఇందుఁ గథ నెపమాత్రము, హత్యలను జూపుటయే ప్రయోజనము, బీభత్సమునకు బీభత్సమే ఫలము, అని మిత్రులయెదుటఁ దీర్పు చెప్పితిని. మిత్రులలో నొకరిద్దఱు నామాట నమ్మి చిత్రమును జూడనే లేదు. ఇటీవలఁ బూర్ణప్రతిని మూఁడుమాఱులు శ్రద్ధగాఁ జూచితిని. నాతీర్పులో సగము నిలుచును, సగము నిలువదు. నిలువని సగమును జెప్పుకొనుట నావిధి.

ఇట్టి చిత్రమును విమర్శించువాఁడు రహస్యమును దాఁచి విమర్శింపఁజాలఁడు. చూడనివారు తొలుతఁ జూచి పిదపఁ జదువుట మేలు.

మార్కస్ డేలీ యాంగ్లేయుఁడు, జాజ్ సంగీతవేత్త. కథ జరుగునది రోమునగరము. చిత్రమును దీసినది మాత్రము చాలవఱకుఁ దొరీనోలో. ఒకరాత్రి యతఁడు నిర్జనమైన చౌకములోఁ దనమిత్రుఁడు కార్లోతో మాటాడుచుండును. కార్లోయుఁ బియానో వాయించువాఁడే, కాని త్రాగుఁబోతు. ఇంతలో మేడమీఁదినుండి కేక వినవచ్చును. కిటికీకడ నొక స్త్రీ గొట్టఁబడి, యద్దము పగిలి, ఆయద్దపుటంచుమీఁద మెడవ్రాలి చచ్చును. ఆమె హెల్గా ఉల్మన్. పరచిత్తములు చదువఁగలదని ప్రసిద్ధికెక్కినది. అంతకుముందే యొక సభలో, శ్రోతలనడుమఁ గూర్చున్న యొకరి మనస్సునఁ బూర్వహత్యాస్మృతి కదలుట యామెకుఁ దెలిసి గజగజ వడఁకెను. మార్కస్ మేడ యెక్కి పరుగెత్తుకొనిపోవును. ఇంటిలోపల నొక పొడవైన నడవ. దానికిరువైపుల వికారముఖములను జిత్రించిన పటములు. ఆనడవ దాఁటిపోయి శవమును జూచును. పోలీసులు వత్తురు. కొంతసేపటికి మార్కస్‌నకు మనస్సులో నేదో తొలఁచును. తాను వచ్చినపుడు నడవలో నున్న పటమొకటి యిప్పుడు లేదు. ఏపటమది? ఎందుకుఁ దీసివేసిరి? ఈప్రశ్నయే తక్కిన కథనంతయు నడపును.

కథాంతమునఁ దేలునదేమనఁగా, అచటినుండి యేపటమును బోలేదు. పటముల నడుమ నద్దమొకటి గలదు. మార్కస్ పరుగెత్తివచ్చినపుడు హంత్రి యింకను నానడవలోనే గోడకంటి నిలిచియుండెను. ఆమె ముఖము అద్దమునఁ బ్రతిఫలించి, పటములలోని పాలిపోయిన ముఖముల నడుమఁ దానొక పటమై తోఁచెను. ఆమె పోఁగానే ‘పటము’ పోయినది.

ఇంతమాత్రమైనచో నిది చమత్కారపు మలుపు, అంతకుమించి కాదు. దర్శకుని సాహసము వేఱొకచోట నున్నది. ఆముఖమును మార్కస్ చూచెనని మనకుఁ జెప్పుటయే కాదు, మనకునుఁ జూపెను. చిత్రమారంభించి యింకను నరగంట గడవకముందే, మార్కస్‌తోపాటు ఛాయాయంత్రము నానడవలోఁ బోవునపుడు, హంత్రి ముఖము తెఱమీఁద నిలుచును. అది కనుఱెప్పపాటు కాదు; చూడనెంచినవాఁడు చూడఁగలిగినంత సేపు. నేను మూఁడవమాఱు చూచునపుడు ఆదృశ్యముకడఁ జిత్రమును నిలిపి పరీక్షించితిని. మోసము లేదు. తరువాతఁ దీసి యతికించినది కాదు. ప్రేక్షకుఁడు హంత్రిని మొదటనే చూచి, చూడలేదనుకొని, రెండుగంటల కాలము వెదకును.

హత్యాకథలు వ్రాయువారికొక న్యాయము గలదు: పరిశోధకునికిఁ దెలిసినదంతయుఁ జదువరికిఁ దెలియవలెను. ఈన్యాయమును బాటించుట నవలలో సులభము. అక్కఱలేని మాటలనడుమ నక్కఱగల మాటను నొక్కక చెప్పినఁ జాలును. దృశ్యమునం దట్లుగాదు. చూపినది చూపినట్లే యుండును. చూపియుఁ జూపనట్లుండుట కెట్టి యుపాయము? చుట్టును దానివంటివానిని నిలుపుటయే. మన యాలంకారికులు దీనిని సామాన్యాలంకారమందురు. తామరకొలనిలో దిగిన సుందరుల ముఖములు తామరలతోఁ గలసిపోయి యివి ముఖములని గుర్తింపరాకపోయెనని కువలయానందమునఁ జెప్పిన యుదాహరణమును పాఠశాలలోఁ జదువనివారు లేరు. అందే, చంద్రుఁడుదయింపఁగాఁ దామరలు ముకుళించుటచే నివి ముఖములు నివి తామరలు నని భేదము తెలిసినట్లు చెప్పినచో విశేషకము. ‘ప్రొఫోందో రోస్సో’ కథాసంవిధానమంతయు నీరెంటి నడుమ నున్నది. మొదట సామాన్యము, తుద విశేషకము. మన శ్లోకములలో నిది శృంగారచమత్కారము. ఇచట నాలుగు ప్రాణములు పోవుటకుఁ గారణము.

ఈభ్రాంతి యేజాతిది? చిప్పను వెండి యనుకొనుటవంటిదని తోఁచును. నైయాయికుఁ డడిగినచో నన్యథాఖ్యాతి యనును: ప్రతిబింబమును బటముగాఁ గాంచెను గదా. అర్జెంతో ప్రథమచిత్రమునకు నిది చక్కగాఁ బట్టును. ‘స్ఫటికపు ఱెక్కల పక్షి’లో రోమునందున్న యమెరికా రచయిత యొకఁడు రెండు గాజుతలుపులనడుమఁ జిక్కుకొని చిత్రశాలలోఁ బెనఁగులాటను జూచును. నల్లదుస్తుల పురుషుఁడు స్త్రీని బొడుచుచున్నాఁడని నమ్మును. నిజమునకుఁ గత్తి స్త్రీచేత నుండెను. అచట నున్నదానిని మఱొకదానిఁగాఁ జూచుట స్పష్టము. పురుషుఁడు పొడుచును, స్త్రీ పొడువఁబడు నను పూర్వసంస్కారము కంటికి మసిపూసినది.

ప్రకృతచిత్రమున నట్లుగాదు. ఇందుఁ గన్ను తప్పుచేయలేదు. ముఖమును ముఖముగానే చూచినది. పటములును ముఖములే, ప్రతిబింబమును ముఖమే. రెంటికిఁగల భేదమును మాత్రము మనస్సు గ్రహింపలేదు. ప్రాభాకరులు భ్రమ యనఁబడునది తప్పుజ్ఞానము కాదు, భేదాగ్రహణమే యందురు. దాని కఖ్యాతి యని పేరు. ఆమతమును జిన్ననాఁడు చదువునపుడు నాకది వట్టి వాదకౌశలముగాఁ దోఁచెడిది. చిప్పను వెండియని యెత్తుకొనఁబోవువాఁడు తప్పుగాఁ జూడలేదనుట యెట్లు? ఈచిత్రముఁ జూచినపిదప నట్టి స్థితి యొకటి నిక్కముగా నుండవచ్చునని యొప్పుకొనవలసి వచ్చినది. నేనాముఖముఁ జూచితిని. తప్పుగాఁ జూడలేదు. వేఱుగాఁ జూడలేదు, అంతే.

మఱి మార్కస్‌ను బాధించు ‘లేమి’ సంగతి యేమి? భాట్టమీమాంసకులును వేదాంతులును అభావమును దెలిసికొనుట కనుపలబ్ధి యను ప్రమాణమును వేఱుగా నంగీకరింతురు. మార్కస్ వాడుకొన్న ప్రమాణమదియే. నడవలో మునుపున్నదొకటి యిప్పుడు లేదు, ఆజ్ఞానము సత్యము. కాని యభావమునకుఁ బ్రతియోగి యొకటి యుండవలెను గదా, ఘటాభావమునకు ఘటమువలె. అతఁడు పటమును బ్రతియోగి యనుకొనెను. పోయినది పటము కాదు, మనుష్యురాలు. అభావము సరియై ప్రతియోగి తప్పినపు డెంతదూరము పెడత్రోవఁ బోవుదుమో చిత్రమంతయు దానికి నిదర్శనము. హత్యను గన్నులారఁ జూచిన సాక్షి న్యాయస్థానమున నిజాయితీతోఁ బ్రమాణము చేసి చెప్పిన మాటలోఁ గూడ నిట్టి దోషముండవచ్చునని తలఁచినపుడు, నేను నవ్వి త్రోసివేసిన చిత్రము నాకు మఱి నవ్వు పుట్టింపలేదు.

దర్శకుఁడు దీనికిఁ బ్రేక్షకుని మెల్లగా సిద్ధపఱచిన తీరును జూడవలెను. హత్యకు ముందు మార్కస్, కార్లోలు మాటాడు చౌకములో నొక పానశాల గలదు. పెద్ద యద్దములవెనుకఁ బ్రకాశమానమైన దీపములు. లోపల మనుష్యులు కదలక మెదలక యున్నారు. అమెరికా చిత్రకారుఁడు ఎడ్వర్డ్ హాపర్ 1942లోఁ జిత్రించిన ప్రసిద్ధమైన రాత్రిపానశాలాచిత్రమునకు నిది యనుకరణమని యాచిత్ర మెఱిఁగినవారికిఁ జూడఁగానే తెలియును. మొదటిమాఱు నేనిది దర్శకుని విద్యాప్రదర్శనమనుకొంటిని. కాదు. ప్రాణముగల మనుష్యులు పటమై కనఁబడిరి. కొన్ని నిమిషములకుఁ బిదప మఱొక ప్రాణముగల ముఖము పటమై కనఁబడఁబోవుచున్నది. మొదటిదానిని జూచి మెచ్చుకొన్న కన్ను రెండవదానియందుఁ బొరపడుటకు సిద్ధమైనది.

మఱియొక విశేషము. ఈచిత్రమున ముఖ్యమైనదంతయు గోడమీఁదనే యుండును. ఉపోద్ఘాతమునఁ గ్రిస్మసు పండుగవేళ, బాలగీతము మ్రోగుచుండఁగా, ఒకరిని మఱొకరు పొడుచుట గోడమీఁది నీడగాఁ జూపఁబడును, కత్తి నేలఁబడును, చిన్నపిల్లవాని కాళ్లు దానిదగ్గఱకు వచ్చును. అమాందా రిగెత్తి యను రచయిత్రిని మరుఁగునీటిలో ముంచి చంపినపు డామె చనిపోవుచు నావిరిపట్టిన గోడపలకలమీఁద వ్రేలితో వ్రాయును. ఆవిరి యాఱఁగా నక్షరములు మాయమగును. ఆచార్య జోర్దాని మరల వేఁడినీరు విడిచి యావిరి పుట్టించి వానిని దెలిసికొనును. ఎంత సుందరమైన కల్పన! వ్రాఁత పోలేదు, చదువుటకుఁ దగిన స్థితి పోయినది. ఆపైఁ బాడుపడిన భవనమున (తొరీనోలోని విల్లా స్కాట్, పియెత్రో ఫెనోల్యో 1902లో గట్టినది) మార్కస్ గోడపూఁతను గోఁకి, లోపల దాఁగిన బాలుని చిత్రమును వెలికిఁ దీయును: గాయపడిన పురుషుఁడు, కత్తిపట్టిన బాలుఁడు. బాలుఁడే హంతకుఁడని యాతఁడు నిశ్చయించుకొని వెడలిపోవును. ఆతఁడు పోయినపిదప నింకొక గారపెల్ల రాలి మూఁడవరూపము బయటపడును. దానిని జూచినది మనము మాత్రమే. ఇట మనకు నాయకునికంటె నెక్కువ తెలిసినది. నడవలో నాతనితో సమానముగాఁ దెలిసెను. ఈహెచ్చుతగ్గులను దర్శకుఁడు తూఁచి వేసినాఁడు. అదే భవనమున మూసివేయఁబడిన కిటికీ యొకటి పాత ఛాయాచిత్రమువలనఁ దెలియును. గోడ పగులఁగొట్టఁగా వెనుకగదిలో నస్థిపంజరము.

ఇఁక నేను దిద్దుకొనవలసిన ప్రధానవిషయము. కోఁతపడిన ప్రతిలోఁ బోయినవానిలోఁ జాలభాగము మార్కస్‌నకును జాన్నా బ్రెజ్జి యను పత్రికావిలేఖకురాలికిని నడుమ జరుగు హాస్యము. డేవిడ్ హెమింగ్స్, దారియా నికొలొది యీపాత్రలను ధరించిరి. ఆమె కారులోఁ బ్రక్కసీటు క్రుంగి యుండును, కూర్చున్న మార్కస్ ఆమెకంటెఁ బొట్టివాఁడై కనఁబడును, తలుపు తెఱవరాదు. స్త్రీలు సుకుమారులని యాతఁడు వాదించును. ఆమె పందెము వైచి, బల్లమీఁద మోచేతు లానించి, చేయి వంచి యోడించును. హాస్యభయానకములు పరస్పరవిరుద్ధరసము లని మన లక్షణగ్రంథములు చెప్పును. కోసివేసినవారికిని నిదే తోఁచియుండును. హాస్యము తొలఁగించిన భయానకము చిక్కఁబడు నని వారి లెక్క.

ఆలెక్క తప్పినది. విరుద్ధరసములను నడుమ వేఱొకదాని నిడి యెడఁబాపి నిర్వహింపవచ్చునని యానందవర్ధనుఁడు చెప్పియున్నాఁడు; ఇందు సంవిధాన మట్లే యున్నది. అంతకంటె ముఖ్యమైనది: హాస్యములోనే సూచన యున్నది. మార్కస్ మనస్సున స్త్రీ బలహీనురాలను నమ్మకము బలముగా నున్నది. చేయి వంచి యోడింపఁబడియు నాతఁడు దానిని వదలఁడు. ఆమె మోసము చేసెనని గునియును. హంతకుఁ డెవరని రెండుగంటలు వెదకువానికి హంత్రి యుండవచ్చునను తలఁపే రాకపోవుటకుఁ గారణమిదియే. హాస్యమును గోయఁగా, హేతువు గోయఁబడినది. తుదిమలుపు హఠాత్తుగా నూడిపడినట్లయ్యెను. ‘కథ నెపమాత్రము’ అని నేను నిందించినది దర్శకుని గాదు, కత్తెర పట్టినవానిని. ప్రతులను బోల్చి పాఠమును నిర్ణయింపక తీర్పు చెప్పరాదని విద్యార్థులకుఁ జెప్పుచు వచ్చినవాఁడను నేనే!

పాత్రనిర్ణయమునందుఁగూడ నర్థము గలదు. హెమింగ్స్ 1966లో నంతోనియోని తీసిన ‘బ్లో అప్’లోఁ ఛాయాచిత్రకారుఁడుగా నటించినవాఁడు. అందు నాతఁడొక యుద్యానమునఁ దీసిన చిత్రములను బెద్దవిగాఁ జేసిచేసి హత్యాచిహ్నములను గనుఁగొనును. తుదకుఁ జేతిలో నేమియు మిగులదు. చూచినది నమ్మరాని యాతఁడే, చూచినది గుర్తురాని వీఁడుగా వచ్చెను. హంత్రియైన మార్తా పాత్రధారిణి క్లారా కాలమాయి, 1943లో విస్కోంతి తీసిన ‘ఒస్సెస్సియోనె’ నాయిక. ఇటలీదేశమున నొకప్పుడు మేటినటి. ఇది యామె తుదిచిత్రము. మార్తా కార్లో తల్లి, పూర్వము నటి. మార్కస్ కార్లోను వెదకుచు వారి యింటికిఁ బోఁగా నామె గోడనిండ వ్రేలాడు తన యౌవనపుఁ జిత్రములను జూపును. అవి కాలమాయి సొంతచిత్రములే. నీవు ఇంజనీరువా యని యామె మాటిమాటికి నడుగును; కాదు, పియానో వాయింతునని యాతఁడు మాటిమాటికిఁ జెప్పును. మనమును నవ్వుదుము. గోడమీఁదఁ జట్టములలోని ముఖములు, వానినడుమ నామె ముఖము! నడవలోని దృశ్యమే పగటివెలుఁగులో మరల మనయెదుట నిలిచినది. మతిమఱపు ముసలిదని యామెను జూచి నవ్వుచున్న మార్కస్ తానే మఱచినవాఁడు. ఈదృశ్యమును నేను మొదటఁ గాలహరణమనుకొంటిని. ఇప్పుడు చిత్రమునఁ దలమానికమని తలఁచుచున్నాను.

కార్లో సంగతి వేఱు. గాబ్రియేలె లావియా యాపాత్రను ధరించెను. భర్త తన్ను మరల చికిత్సాలయమునకుఁ బంపఁజూచుచున్నాఁడని మార్తా క్రిస్మసునాఁడు వానిని గొడుకు కన్నులయెదుటఁ బొడిచి చంపెను. నెత్తుటికత్తి నెత్తుకొన్న చిన్నికాళ్లవాఁడు కార్లో. వాఁడా దృశ్యమును గోడమీఁద వ్రాసెను, పెద్దలు గారపూసి కప్పిరి. పాఠశాలలో మఱల వ్రాసెను. మార్కస్ జ్ఞప్తికిఁ దెచ్చుకొనలేక బాధపడును. కార్లో మఱవలేక త్రాగును. హత్య జరిగిన రాత్రియే కార్లో మార్కస్‌తో, నీవు చూచినదియు నీవూహించినదియుఁ గలసిపోయి యుండవచ్చును, నిజమనఁగా నీకుఁ దోఁచినదే కావచ్చును, అను నర్థము వచ్చునట్లు మాటాడును. మొదటఁ ద్రాగుఁబోతు వేదాంతముగాఁ దోఁచు నామాట తల్లిని గాపాడుకొను కొడుకు మాటయని రెండవమాఱు చూచువానికే తెలియును. తుదకుఁ దల్లికొఱకు మిత్రునిపైఁ దుపాకి యెత్తును. పోలీసులు రాఁగాఁ బరుగెత్తి, చెత్తబండి కొక్కెమునకుఁ దగుల్కొని వీథులవెంట నీడ్వఁబడి, మఱొక కారు తలమీఁదుగాఁ బోఁగా మరణించును. ఈమరణము నంత దీర్ఘముగాఁ జూపుట నాకిప్పటికిని రుచింపదు. అయినను జిత్రమునఁ గరుణరసమునకుఁ దావు గలదేని యీకార్లోయందే. మార్కస్ దుఃఖింపను దీఱదు. ఇంటికిఁ బోవుచుండఁగా, హెల్గా కేక వినవచ్చినపుడు కార్లో తనప్రక్కనే యుండెనని స్ఫురించును. కావున హెల్గాను జంపినది కార్లో కాదు. మరల నానడవకుఁ బోవును. పటములమధ్య నద్దమును జూచును. వెనుక మార్తా నిలిచియుండును.

సంగీతమును గూర్చి రెండుమాటలు చాలును. జోర్జో గస్లీని యారంభింపఁగా, ‘గోబ్లిన్’ అను యువవాద్యబృందము పూర్తిచేసెను. ప్రధానరాగము వినినవాఁడు మఱవఁడు. భయానకమునకు మందగమనము కావలెనను పూర్వాభ్యాసమును విడిచి త్వరితగతితో భయము పుట్టించిరి. బాలగీత మొక్కటి హత్యకు ముందెల్ల వినవచ్చుటలో మాత్రము నెనరులేని యాంత్రికత గలదు.

ఇఁక నిలిచిన సగము. దశరూపకకారుఁడు వధమును రంగమునఁ బ్రత్యక్షముగాఁ జూపరాదని నియమించెను. ఆనియమము నాటకరంగమునకుఁ జెప్పినది, దేశాంతరపుఁ జలచ్చిత్రమును దానితోఁ గొలువరాదని నేనెఱుఁగుదును. దానివెనుక నున్న రసదృష్టి మాత్రము త్రోసివేయఁదగినది కాదు. భయానకమునకు స్థాయి భయము, బీభత్సమునకు జుగుప్స. రాఁబోవుదానియందు భయము, వచ్చినదానియందు జుగుప్స. జోర్దాని చావు నిందు కుదాహరణముగాఁ గొనవచ్చును. ఒంటరిగాఁ గూర్చున్నవాఁడు చప్పుడు వినును. తలుపు తెఱచుకొని యంత్రపుబొమ్మ యొకటి నవ్వుచు నడచివచ్చును. దానిని జేసినవాఁడు కార్లో రంబాల్ది. ఆక్షణమున నాకుఁ గలిగిన భయమును సాధారణోక్తులతోఁ జెప్పలేను. కాని యాపిమ్మట నాతని పండ్లను బల్లయంచులకు మోఁది విఱుగఁగొట్టుట జరుగును. భయము చచ్చి జుగుప్స మిగులును. అంతేకాదు, వృద్ధస్త్రీ యింత బలప్రయోగము చేసెననుటలో నౌచిత్యమునుఁ జెడినది. జాన్నా చేయి వంచిన హాస్యము దీనిని గొంత సమర్థించునేగాని చాలినంత గాదు. అమాందా హత్యయందును నంతే: ఆవిరిలోని వ్రాఁత భయానకము, ఉడికిన ముఖమును దగ్గఱగాఁ జూపుట బీభత్సము. హంత్రి నల్లచేతితొడుగులలోని చేతులు దర్శకునివే యని ప్రసిద్ధి. ఆమాట వినినప్పటినుండి, హత్యలను జూపుటయందు దర్శకునికిఁగల యిష్టము నాకు మఱింత స్పష్టముగాఁ గనఁబడినది. ఇంతటి నేర్పరికి నంతటి యిష్ట మక్కఱలేదు.

పరచిత్తజ్ఞానము కథారంభమునకుఁ బనికివచ్చి పిదప వ్యర్థమైనది. భవనపాలకుని చిన్నకూఁతు రోల్గ పాఠశాలలోఁ దాఁ జూచిన చిత్రమును దిరిగి వ్రాసియుండుటచే మార్కస్‌నకుఁ ద్రోవ దొరకుట కాకతాళీయము. దీనిని సమర్థించువాదము నాకుఁ దోఁపలేదు.

తుదిదృశ్యమున మార్తా గొడ్డలికత్తితో మార్కస్ భుజమును నఱకును. ఆమె కంఠహారము లిఫ్టు కమ్ములలోఁ జిక్కును. మార్కస్ లిఫ్టును గ్రిందికి విడుచును. ఆమె కంఠము తెగును. నేలపై రక్తము మడుఁగుగట్టఁగా, మార్కస్ వంగి చూచును. అతని ముఖ మందుఁ బ్రతిఫలించును. ఆప్రతిబింబముమీఁదనే చిత్రము ముగిసి పేళ్లు నడచును. అద్దములోని ముఖమును గుర్తింపనివాఁడు తనముఖమును రక్తములోఁ జూచుకొనుచున్నాఁడు.

ఈవ్యాసము ముగించుటకు ముందు నామిత్రులు, తర్కవేదాంతములలోఁ గృషిచేసిన యొక యుపాధ్యాయులకు పూర్ణప్రతిని జూపితిని, కథ చెప్పలేదు. హెల్గా యింటి నడవ దాఁటఁగానే చిత్రమును నిలిపి, ‘అయ్యా, తాము నడవలో నేమి చూచితిరి?’ అని యడిగితిని. ఆయన కన్నులు మూసికొని యాలోచించి, ‘పటములు, అన్నియు వికారముఖములే. ఒకటి మాత్రము మిగిలినవానికంటె బాగుగాఁ గుదిరినది’ అనిరి. నేను దృశ్యమును వెనుకకుఁ ద్రిప్పి చూపితిని. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిదప, ‘బాగుగాఁ గుదిరినదని నేనే యంటిని గదా’ అని, తక్కిన చిత్రము నడపుమనిరి.